ఆయన సమస్యకు మీరెందుకు మందులు మింగుతున్నారు?

"పేరు వద్దు, ఊరు వద్దు, చదివినవాళ్లకి నేనెవరో తెలియకూడదు" అని పై అంచునే రాసిన ఉత్తరం ఇది. స్కూలు నోట్‌బుక్కులోంచి చింపిన పదకొండు పేజీలు. మొత్తం ఇక్కడ ఇవ్వడం కుదరదు కాబట్టి ముఖ్యమైన సంగతులు చెప్తాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఈమెకు 32 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లయి ఏడేళ్లు. భర్తకు 38, రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం. మొదటి రెండేళ్లు బాగానే ఉన్నారు. తర్వాత ఆయనకు షుగర్ బయటపడింది. ఇంకొన్నాళ్లకు పడకగదిలో ఇబ్బంది మొదలైంది. ముందు ఎప్పుడో ఒకసారి, తర్వాత తరచుగా, చివరికి ప్రతిసారీ. ఇప్పటికి మూడేళ్లుగా ఇద్దరి మధ్యా ఏమీ లేదు. ఆయన రాత్రి ఒంటిగంట దాకా హాల్లో ఫోన్ చూసి అక్కడే దివాన్ మీద పడుకుంటారు. ఒక రాత్రి ఈమె వెళ్లి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే, "నువ్వు లావయిపోయావు, నిన్ను చూస్తే నాకేమీ అనిపించట్లేదు" అన్నారు. మర్నాటి నుంచి ఈమె రాత్రిపూట అన్నం మానేశారు. ఎనిమిది నెలల్లో పన్నెండు కిలోలు తగ్గారు. ఆయన గమనించనే లేదు.

ఈలోగా ఎక్కడికెళ్లినా "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న. అత్తగారు నాగదోషమని మోపిదేవి తీసుకెళ్లారు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించారు. తర్వాత పిల్లల కోసం పెద్ద ఆసుపత్రి. అక్కడ ఈమెకు రక్తపరీక్షలు, స్కాన్లు, అండం పెరగడానికి మాత్రలు. ఆరు నెలలుగా అదే పని. ఆయనకు ఒక్క పరీక్ష కూడా చేయించలేదు, "మా వాడికేం, రాయిలా ఉన్నాడు" అన్నారు అత్తగారు. "అండం బాగా పెరిగింది, ఈ రెండు రోజులూ కలవండి" అని డాక్టరమ్మ చెప్పి పంపిస్తారు. ఆ రెండు రాత్రులూ ఆయన హాల్లోనే ఉంటారు. మళ్లీ నెల వెళ్తే "కలిశారా?" అని అడుగుతారు. పక్క కుర్చీలో అత్తగారు. "కలిశాం మేడమ్" అని ఈమె చెప్తారు. ఈ మాట ఉత్తరంలో మూడుసార్లు రాశారు.

ఆడపడుచు సీమంతానికి వెళ్తే అందరినీ వరసగా గాజులు తొడగడానికి పిలిచి, ఈమె దగ్గరికి వచ్చేసరికి చూపు తిప్పుకున్నారు. ఒకరోజు ఆయన బండి కవర్లో, మగవాళ్లు పడకగది కోసం వేసుకునే నాలుగు మాత్రల స్ట్రిప్ కనబడింది, రెండు వాడేసి ఉన్నాయి. ఎవరి కోసమో అడిగే ధైర్యం లేక మళ్లీ అక్కడే పెట్టేశారు. మొన్నీమధ్య స్టాఫ్ రూములో తోటి మాస్టారు "భోంచేశారా మేడమ్?" అని మామూలుగా అడిగితే ఏడుపు ఆగలేదు. ఇప్పుడు ఆ మాస్టారి పలకరింపు కోసం ఎదురుచూస్తున్నానని భయపడుతున్నారు.

"తప్పు నాలోనే ఉందా? ఇలాంటిది కావాలనుకోవడం ఆడదానికి తప్పా? అత్తగారికి నిజం చెప్పేయనా? ఇలాగే సర్దుకుపోనా, వెళ్లిపోనా?" ఇవీ ప్రశ్నలు. ఆఖరి పేజీ పక్కన, చిన్న అక్షరాలతో: "ఒక్కోసారి పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తుంది."

సమాధానం:

అమ్మా, మిగతా ప్రశ్నలన్నీ కాసేపు ఆగుతాయి. ముందు ఆ చిన్న అక్షరాల దగ్గరికి వస్తాను. మూడేళ్లుగా నిద్ర లేదు, ఎనిమిది నెలలుగా సరైన తిండి లేదు, చెప్పుకునే మనిషి లేదు. ఇలా బతికేవాళ్లకి డిప్రెషన్ రావచ్చు. అది బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. 14416 అనే నంబరు రాసుకోండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఈ ఆలోచన ఎప్పుడైనా "ఎలా చేసుకోవాలి" అనేదాకా వెళ్తే ఇక ఒంటరిగా ఉండకండి. మీ అమ్మగారినో, అక్కనో, నమ్మకమైన స్నేహితురాలినో పిలిచి పక్కన ఉంచుకోండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దీనికి భర్త అనుమతి అక్కర్లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. తప్పు మీలో లేదు. ఊరడించడానికి అంటున్న మాట కాదిది. మీరే రాసిన వరస చూడండి: ముందు షుగర్, కొన్నాళ్లకు అప్పుడప్పుడు ఇబ్బంది, తర్వాత తరచుగా, తర్వాత ప్రతిసారీ. ఒంట్లోంచి వచ్చే సమస్య మామూలుగా ఇలాగే మెల్లగా పెరుగుతుంది. అంగం గట్టిపడాలంటే రక్తనాళాలు వదులై రక్తం బాగా వచ్చి నిలవాలి, నరాలు సరిగ్గా కబురు అందించాలి. అదుపులో లేని షుగర్ ఆ రెండింటినీ దెబ్బతీస్తుంది. షుగర్ ఉన్న మగవాళ్లలో ఈ ఇబ్బంది మిగతావాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ, పైగా పదీ పదిహేనేళ్లు ముందే వస్తుంది. 38 ఏళ్లకే ఏమిటి అని ఆశ్చర్యపోనక్కర్లేదు. కొన్ని రకాల బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు, సిగరెట్లు, తాగుడు అలవాటు దీన్ని ఇంకా పెంచుతాయి. ఈ జాబితాలో ఎక్కడా భార్య బరువు లేదు.

దీని పైన భయం చేరుతుంది. ఒకసారి కుదరలేదు, రెండోసారి దగ్గరికి వచ్చేటప్పుడే "ఈసారైనా అవుతుందా" అన్న టెన్షన్. ఆ టెన్షన్‌కే నాళాలు బిగుసుకుంటాయి, మళ్లీ కుదరదు. అయిదారుసార్లు ఇలా అయ్యాక చాలామంది మగవాళ్లు ఆ గదిలోకి రావడమే మానేస్తారు. మీ ఇంట్లో హాల్లో దివాన్, ఒంటిగంట దాకా ఫోన్ నాకు అలాగే కనబడుతున్నాయి. మీరు నిద్రపోయారని తెలిసేదాకా ఆయన లోపలికి రాలేకపోతున్నారు. మీ చెయ్యి భుజం మీద పడగానే ఆయనకు అందులో ప్రేమ కనబడలేదు, పరీక్ష కనబడింది. తప్పించుకోవడానికి చేతికందిన మాట విసిరారు.

ఆ మాట ఎందుకొచ్చిందో చెప్పాను గానీ, దాన్ని క్షమించేయమని చెప్పడం లేదు. తన భయాన్ని దాచుకోవడానికి మీ ఒంటిని అడ్డం పెట్టుకున్నారు. దాని ఖరీదు మీరు పన్నెండు కిలోలు చెల్లించారు. ఎప్పటికైనా మీ ఇద్దరి మధ్యా మాటలు మొదలైతే ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత ఆయనది. మీరు మళ్లీ లావైనా, ఇంకా సన్నబడినా దాంతో సంబంధం లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మగవారికి ఈ ఇబ్బంది వస్తే వైద్యం, జాలి, ప్రకటనలు అన్నీ ఆయన చుట్టూనే తిరుగుతాయి. పక్కన ఉన్న ఆడమనిషికి ఏమవుతుందో అడిగేవాళ్లు లేరు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాంటి మగవాళ్ల భార్యలనే నేరుగా అడిగారు. భర్తకు సమస్య మొదలయ్యాక తమకూ కోరిక తగ్గిందని, తృప్తి తగ్గిందని వాళ్లు చెప్పారు. భర్త వైద్యం తీసుకుంటున్న ఇళ్లల్లో ఆడవాళ్ల పరిస్థితీ మెరుగ్గా ఉంది. అంతకు చాలా ముందే, 1970 నాటికే, అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి సమస్యకు జంటనే రోగిగా చూడాలని, ఒక్కరికే వైద్యం చేస్తే చాలదని పట్టుబట్టారు. మీ ఉత్తరం చదివితే వాళ్ల మాట ఎంత నిజమో తెలుస్తుంది. నిద్ర మీది పోయింది, తిండి మీది పోయింది, అద్దంలో చూసుకునే ధైర్యం మీది పోయింది. గాజులు తొడగనివ్వకపోవడం కూడా మీకే.

"ఇలాంటిది కావాలనుకోవడం తప్పా?" అన్న ప్రశ్న మీరు రెండుసార్లు రాసి ఒకసారి కొట్టేశారు. కాదమ్మా, తప్పు కాదు. ఆకలి, నిద్ర ఎలాగో ఇదీ అలాగే. ముఖ్యంగా మీరు అడుగుతున్నది ఒక్క కలయిక మాత్రమే కాదు. పక్కన మనిషి ఉండటం, జుట్టు సర్దే చెయ్యి, "తిన్నావా" అన్న మాట. స్టాఫ్ రూములో మీకు ఏడుపు తెప్పించింది ఆ మాటే. ఆ మాస్టారి మీద ఏదో పుట్టిందని భయపడకండి, ఇంట్లో మూడేళ్లుగా వినని ప్రశ్న బయట వినబడింది. ఒక్క జాగ్రత్త మాత్రం: ఇంటి సంగతులు ఆ మాస్టారితో పంచుకోకండి. ఆకలితో ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయాలు ఇంకో చిక్కులో పడేస్తాయి. చెప్పుకోవడానికి ఒక ఆడ స్నేహితురాలినో, కౌన్సెలర్‌నో చూసుకోండి.

ఇక ఆ మాత్రల స్ట్రిప్. దాన్ని చూసి వేరే ఆవిడ ఉందని తేల్చేయకండి. ఉండకూడదని కాదు, కానీ మగవాళ్లు ఇలాంటి మాత్ర గుట్టుగా కొని ఒంటరిగా వేసుకుని "పనిచేస్తుందా" అని చూసుకోవడం చాలా మామూలు. పేరు సిల్డెనాఫిలో, టడాలఫిలో అయి ఉంటుంది. ఇవి మంచి మందులే, సిల్డెనాఫిల్ 1998 నుంచి వాడుకలో ఉంది. కానీ డాక్టర్ చీటీ మీద వాడాల్సినవి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు వాడేవాళ్లు వీటిని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఇవి స్విచ్ నొక్కితే వెలిగే బల్బు లాంటివి కావు. దగ్గరితనం, కోరిక ఉంటేనే పనిచేస్తాయి. సిల్డెనాఫిల్ అయితే కడుపునిండా నూనె భోజనం చేసి వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. ఒకటి రెండుసార్లు వేసుకుని "ఇదీ పనిచేయలేదు" అని వదిలేసినవాళ్లే ఎక్కువ. మీవారు కూడా అలాగే వదిలేశారేమో.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నేను ఒకటి ఎంచి ఇవ్వను, ఒక్కోదాంట్లో ఏముందో చెప్తాను. కానీ ఏ దారైనా ముందు ఒక పని చేయమంటాను.

ఆసుపత్రిలో అబద్ధం ఆపండి. ఆరు నెలలుగా మీ ఒంట్లోకి వెళ్తున్న మాత్రలు అండం పెంచడానికి. అండం పెరిగి ఏం లాభం? ఆయన సమస్యకు మందులు మీరు మింగుతున్నారు. డాక్టరమ్మకి నిజం తెలిస్తే ఆ చీటీ రాసేవారు కాదు. అత్తగారు పక్కనే కూర్చుంటే ఎలా అంటారా? స్కాన్ గదిలోకి అత్తగారు రారు. అక్కడ మీరు, డాక్టరు, నర్సు మాత్రమే ఉంటారు. బల్ల మీద పడుకున్నప్పుడు నోరు పెగలకపోతే, "మేమిద్దరం మూడేళ్లుగా కలవలేదు, మీతో ఒంటరిగా మాట్లాడాలి" అని చిన్న కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. దాన్ని బయట చెప్పకుండా ఉండటం డాక్టర్ ధర్మం. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో, కొంతో మగవారి వైపు ఉంటుంది. అందుకే వీర్యపరీక్ష మొదట్లోనే చేయాలి. ఆయనకు చేయకుండా మీకు ఇన్ని చేశారంటే ఎక్కడో పొరపాటు జరిగింది.

ఒకటి గమనించండి. పిల్లల సంగతి వేరు, మీ ఇద్దరి దగ్గరితనం సంగతి వేరు. ఇంట్లో రెండూ కలిపి ముద్ద చేసేశారు. అంగం గట్టిపడకపోయినా వీర్యం బాగానే ఉండొచ్చు. షుగర్ వల్ల కొందరిలో వీర్యం మూత్రాశయంలోకి వెనక్కి వెళ్తుంది, దానికీ మార్గాలున్నాయి. వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్సతో బిడ్డ పుట్టిన జంటలున్నారు. కానీ బిడ్డ పుడితే ఆయన హాల్లోంచి గదిలోకి వస్తారని అనుకోకండి. మాటలు లేని ఇంట్లో ఇంకో ప్రాణం చేరుతుంది, అంతే. ఎవరైనా తొందరపెట్టి టెస్ట్‌ట్యూబ్ బేబీ దాకా తీసుకెళ్తే, 2021లో వచ్చిన చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఆ చికిత్స చేయకూడదని గుర్తుంచుకోండి. సంతకం మీ చేతిలో ఉంది.

మొదటి దారి, ఆయనతో మాట్లాడటం. మీరు మూడేళ్లలో ఒక్కసారి కూడా నేరుగా అడగలేదు, ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. పడకమీద, రాత్రిపూట ఈ మాట ఎత్తకండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగొద్దు కూడా. డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ, లేదా సాయంత్రం నడుస్తూ, చూపులు కలవకుండా ఉన్నప్పుడు కష్టమైన మాట తేలిగ్గా వస్తుంది. "ఏవండీ, మనకి మూడేళ్లుగా ఏమవుతోందో ఇద్దరికీ తెలుసు. షుగర్ వల్ల ఇలా అవుతుందట, మందులున్నాయట. మీరు ఒక్కరే మోయక్కర్లేదు, నేను వస్తాను. కానీ ఆ రోజు మీరన్న మాటకి నేను రోజూ ఏడుస్తున్నాను." ఇంతే చాలు. చివరి వాక్యం మింగేయకండి. ఆయన మీద జాలితో మీ బాధను మళ్లీ దాచేస్తే ఇంకో మూడేళ్లు ఇలాగే గడుస్తాయి.

ఆయన విసుక్కోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, "నాకేం లేదు" అనొచ్చు. మొదటిసారి చాలామంది అలాగే చేస్తారు. రెండు మూడు రోజులు వదిలేయండి. మీరు బాగా రాస్తారు, నాకు పదకొండు పేజీలు రాశారు. ఆయనకి ఒక పేజీ రాసి, ఆయన ఒక్కరే చూసే చోట పెట్టండి. చదువుకుని తేరుకునే వ్యవధి ఉంటుంది.

ఒప్పుకుంటే ఎక్కడికి వెళ్లాలి? నేరుగా "ఆ డాక్టర్" దగ్గరికి అంటే భయపడతారు. షుగర్ డాక్టర్ దగ్గర మొదలుపెట్టండి, ఎలాగూ వెళ్లాల్సిందే. మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, బీపీ, పొద్దున్నే తీసే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) పరీక్ష అడగండి. "పొద్దున లేచేసరికి గట్టిపడుతోందా" అని డాక్టర్ అడుగుతారు. ఆ జవాబుతో సమస్య ఒంట్లో ఎంత, మనసులో ఎంత అన్నది కొంత తెలుస్తుంది. ఆయన్ని కదిలించడానికి ఇంకో మాట చెప్పొచ్చు, అది బెదిరింపు కాదు, నిజమే: అంగానికి వెళ్లే నాళాలు గుండె నాళాలకంటే సన్నం. పూడిక మొదలైతే ముందు ఇక్కడే తెలుస్తుంది. ఈ ఇబ్బంది కొందరిలో గుండెజబ్బుకు కొన్నేళ్ల ముందే వచ్చే హెచ్చరిక. 38 ఏళ్ల షుగర్ మనిషి దీన్ని సిగ్గుతో దాచుకోకూడదు.

అక్కడి నుంచి యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టర్) లేదా ఆండ్రాలజిస్టు (మగవారి లైంగిక సమస్యల డాక్టర్). ఖర్చు భయమైతే ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో యూరాలజీ ఓపీ ఉంటుంది. మాత్రలు పనిచేయకపోతే ఇంజెక్షన్లు, పంపు లాంటి పరికరాలు, ఆఖరికి ఆపరేషన్ కూడా ఉన్నాయి. ముందు షుగర్ అదుపు, రోజూ నడక, సిగరెట్ మానడం. ఒక్క చోటికి మాత్రం వెళ్లనివ్వకండి: "నరాల బలహీనత" అని గోడల మీద రాయించుకునే లాడ్జి వైద్యులు, రోడ్డు పక్క డేరాలు. మగతనం పెంచుతామని ప్రకటనలివ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి "మూలికా" పొడుల్లో అసలు ఇంగ్లీషు మాత్రే పొడిచేసి కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడింది. ఎంత మోతాదు కలిపారో ఎవరికీ తెలియదు.

వైద్యం మొదలయ్యాక మీ గురించి ఒక మాట. ఆయనకు మాత్ర పనిచేసిన రోజున మీరు వెంటనే సిద్ధంగా ఉండాలని ఎవరూ అనుకోకూడదు, మీరూ అనుకోకండి. మూడేళ్ల కోపం ఒంట్లో ఉంటుంది. తడి లేకపోవడం, నొప్పి, ముడుచుకుపోవడం సహజం. మందుల షాపుల్లో నీటితో చేసిన జెల్ దొరుకుతుంది, దానికి సిగ్గుపడక్కర్లేదు. నొప్పి తగ్గకపోతే గైనకాలజిస్టుకి చూపించుకోండి. కౌన్సెలర్లు చాలా జంటలకు ఒక పద్ధతి చెప్తారు: కొన్ని వారాలపాటు కలయిక పూర్తిగా వద్దు అని ఇద్దరూ ముందే ఒప్పుకుని, రోజూ కాసేపు ఒకరినొకరు ఊరికే తాకడం. వీపు, చేతులు, జుట్టు. ఏదో సాధించాలన్న పని లేదు కాబట్టి ఆయనకు పరీక్ష భయం పోతుంది, మీకు ఇన్నాళ్లూ కరువైన స్పర్శ దొరుకుతుంది. నాకైతే మీ ఇంటికి మాత్రలకంటే ముందు ఇదే కావాలనిపిస్తోంది.

రెండో దారి, అత్తగారికి చెప్పడం. మీ కోపం న్యాయమైనదే. కానీ కొడుక్కి తెలియకుండా ఆవిడకు చెప్తే ఏమవుతుందో ఊహించండి. ఆవిడ నమ్మరు, లేదా నమ్మి ఇంటిల్లిపాదికీ చెప్తారు. ఆయన ఇక మీతో నోరు విప్పరు. అలాగని మీరు గొడ్రాలన్న మాట పడుతూ ఉండాలా? అక్కర్లేదు. మధ్యలో ఒక దారి ఉంది. ముందు డాక్టరమ్మతో ఒంటరిగా మాట్లాడి ఆవిడ చేత ఈ మాట చెప్పించుకోండి, తర్వాత "అత్తయ్యా, ఇద్దరికీ పరీక్షలు కావాలని డాక్టర్ చెప్పారు. ఆయన కూడా వస్తేనే నేను వస్తాను" అనండి. ఇందులో అబద్ధం లేదు, ఆయన గుట్టు బయటపడదు, మీ ఒంటి మీద ప్రయోగాలు ఆగుతాయి. ఆపైన ఆయనకి చెప్పండి: "మీ అమ్మగారికి ఎంత చెప్పాలో మీరే చెప్పండి. కానీ లోపం నాదన్న మాట మీ నోటితోనే ఆపాలి." ఎన్నాళ్లకీ ఆపకపోతే అప్పుడు నిజం చెప్పే హక్కు మీకుంది.

మూడోది, సర్దుకుపోవడం. కొన్ని జంటలు పడక సంబంధం లేకుండానే ప్రేమగా బతుకుతాయి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకున్నప్పుడు. మీరిప్పుడు చేస్తున్నది అది కాదు. మీకు మీరే నోరు కట్టేసుకున్నారు. ఉండాలనుకుంటే గడువు పెట్టుకుని ఉండండి. ఆరు నెలలని అనుకుందాం. ఈలోగా ఆయన డాక్టర్ దగ్గరికి వచ్చారా, ఒక్క రాత్రైనా మాట్లాడారా, ఆ మాట వెనక్కి తీసుకున్నారా చూడండి. సమస్య పూర్తిగా తగ్గిందా అన్నది కొలత కాదు. జబ్బు రావడం ఆయన చేతిలో లేదు, మీతో కలిసి దాన్ని ఎదుర్కోవడం ఆయన చేతిలో ఉంది.

నాలుగోది, విడిపోవడం. ఈ పదం రాయడానికి మీరు తొమ్మిదో పేజీ దాకా ఆగారు. భర్త నపుంసకత్వం వల్ల కాపురమే జరగకపోతే హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చు. మీకు మొదటి రెండేళ్లు కాపురం జరిగింది కాబట్టి అది వర్తించదు. సరైన కారణం లేకుండా ఏళ్ల తరబడి భార్యను దూరం పెట్టడం మానసిక క్రూరత్వం కావచ్చని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. జబ్బు ఉన్నచోట ఆ వాదన అంత తేలిక కాదు. ఇద్దరూ ఒప్పుకుంటే ఏడాది విడిగా ఉన్నాక పరస్పర అంగీకారంతో విడాకులు అడగొచ్చు, తర్వాతి ఆరు నెలల గడువును కోర్టు తగిన కారణముంటే తగ్గించగలదు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. వెళ్లి అడిగినంత మాత్రాన విడిపోయినట్లు కాదు. ఒకటి చెప్పాలి, వెళ్లిపోతే బయట "ఎందుకు?" అన్న ప్రశ్న చాలాకాలం వెంటపడుతుంది, దానికీ మనసు సిద్ధం చేసుకోవాలి. జీతం చిన్నదైనా ఉద్యోగం మీది, దాన్ని ఏ కారణంతోనూ వదలకండి.

ఆయన చెయ్యి చేసుకుంటున్నారా అన్నది మీరు రాయలేదు. అలాంటిదేమైనా ఉంటే పైన చెప్పిన గడువులు, ఓర్పులు ఏవీ వర్తించవు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, పుట్టింటికి వెళ్లిపోండి.

మీకోసం మీరు డాక్టర్ దగ్గరికి విడిగా వెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. అంత బరువు అలా తగ్గడం మంచిది కాదు, నెలసరి కూడా తప్పుతోందని రాశారు.

వచ్చే స్కాన్ ఎప్పుడో మీరు తేదీ రాయలేదు. ఆ రోజు పొద్దున్నే, ఇంటి నుంచి బయలుదేరే ముందే, ఆ చిన్న కాగితం రాసి పర్సులో పెట్టుకోండి. తర్వాత ఏమైందో నాకు మళ్లీ రాయండి. పేరు వద్దు, ఊరు వద్దు. రాత్రి అన్నం తిన్నారో లేదో మాత్రం రాయండి.